మన హైస్కూళ్లలో ఆడపిల్లల కుస్తీ పెరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పరకాల_పీడీ
జూన్ 22, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పరకాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీడీగా, అంటే ఆటల టీచర్‌గా, పనిచేస్తున్నాను. ఇరవై ఏళ్లుగా కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడిస్తున్నాను. పోయిన ఏడాది జరిగిన ఒక విషయం ఇంకా నన్ను వదలడం లేదు.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. 38 కిలోలు. కబడ్డీలో పట్టు బాగా పడుతుంది కానీ మనిషి చిన్నగా ఉందని జట్టు రాసేటప్పుడు ఎప్పుడూ ఆఖరి పేరు ఆమెదే. స్కూల్ గేమ్స్ అండర్-17 కుస్తీలో అమ్మాయిలకు 40 కిలోల విభాగం ఉంది కదా అని జిల్లా సెలక్షన్‌కు తీసుకుపోయాను. ఆ బరువులో ఇంకెవరూ రాలేదు. ఒక్క కుస్తీ కూడా పట్టకుండానే జిల్లా తరఫున పేరు రాసేశారు. ఇంట్లో సంబరం, అసెంబ్లీలో చప్పట్లు.

రాష్ట్ర పోటీల్లో ఎదురుగా వచ్చిన పిల్ల రెండేళ్లుగా మ్యాట్ మీద సాధన చేస్తున్నది. అర నిమిషం కూడా కాలేదు, మా పిల్ల రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనాయి. లేచి నా వైపు చూసింది. తిరుగు ప్రయాణంలో బస్సు దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత గ్రౌండ్‌కు రావడమే మానేసింది.

తప్పు నాది. కింద ఎట్లా పడాలో కూడా నేర్పకుండా ఒక పిల్లను రాష్ట్ర పోటీలకు పంపాను.

ఈసారి పదకొండు మంది ఆడపిల్లలు వచ్చి కుస్తీ నేర్పమని అడిగారు. మ్యాట్ లేదు. మహిళా కోచ్ లేరు. తల్లిదండ్రులు ఏమంటారోనన్న టెన్షన్ వేరే. మన వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎవరైనా బడిలో ఇది నడిపించి ఉంటే చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జుక్కల్_ఉస్తాద్
జూన్ 22, రాత్రి 10:02

పీడీ సార్, మాది జుక్కల్ వైపు. నాకు అరవై నాలుగేళ్లు. మా దిక్కు జాతర అంటే కుస్తీలే. మొదట చిన్న పిల్లలకు కొబ్బరికాయ కుస్తీ, ఆఖరుకు వెండి కడియం కుస్తీ. మహారాష్ట్ర, కర్ణాటక నుంచి కూడా మల్లయోధులు వస్తారు. ఆ కొబ్బరికాయ కుస్తీలోనే నేను ఏడేళ్ల వయసులో దిగిన. ఓడితే సిగ్గు లేదు, గెలిస్తే కొబ్బరికాయ, ఇద్దరికీ ఊరంతా ఈలలు వేసేది. అట్ల ఇరవై, ముప్పై కుస్తీలు పట్టినంకనే పెద్ద కుస్తీకి పోయేది.

మీ పిల్లకు కొబ్బరికాయ కుస్తీ దొరకలేదు సార్. నేరుగా కడియం కుస్తీలో దింపిండ్రు. అందుకే అట్లయింది.

మ్యాట్ లేదని ఆగకండి. బడి వెనుక నీడ ఉన్న చోట మోకాలి లోతు తవ్వించండి. ఎర్రమట్టి జల్లెడ పట్టి, రాయి రప్ప ఏరి పోయించండి. కాస్త పసుపు, నూనె, మజ్జిగ, ఎండిన వేపాకు పొడి కలిపితే మట్టి మెత్తగా ఉంటది, ఒంటికి కురుపులు కావని మా పెద్దలు అనేది. రోజూ పిల్లలతోనే పారలతో తిరగేయించండి, అదే సగం కసరత్తు.

హనుమకొండ_అమ్మ
జూన్ 23, ఉదయం 6:40

నాకు తొమ్మిదో తరగతి చదివే బిడ్డ ఉంది. తనూ కుస్తీ అంటున్నది. నేను వద్దనలేదు, ఊ అనలేదు. నా భయాలు ఇక్కడ చెప్పుకుంటాను, ఎవరూ కోపం చేసుకోకండి.

ఒకటి, దెబ్బలు. పహిల్వాన్ల చెవులు చూశాను, మాంసం ముద్దల్లా ఉంటాయి. నా బిడ్డ చెవులు అట్లా అయితే? ఇంకోటి, ఆ బిగుతు డ్రెస్సు వేసుకొని గ్రౌండ్‌లో అందరి ముందు నిలబడటం. మా ఆడబిడ్డ ఇప్పటికే అడుగుతున్నది, 'రేపు సంబంధం చూసేటప్పుడు ఏం చెప్తారు' అని. అది నేను పట్టించుకోను. కానీ 2023లో వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్ లాంటి వాళ్లే ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చొని, తమ ఆటలో అమ్మాయిలకు రక్షణ లేదని ఏడ్చారు. అంత పెద్ద క్రీడాకారిణుల మాటే వినడానికి అంత సమయం పడితే, హనుమకొండలో నా బిడ్డ మాట ఎవరు వింటారు? దీనికి జవాబు కావాలి నాకు.

కాజీపేట_అక్క
జూన్ 23, మధ్యాహ్నం 1:25

అమ్మా, మీరడిగిన ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

నేను పాత కుస్తీ ఆటగత్తెను. మహిళల కుస్తీ 2004 ఏథెన్స్‌లో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. రాష్ట్రం తరఫున రెండుసార్లు నేషనల్స్ ఆడాను. ఇప్పుడు కాజీపేటలో ఉద్యోగం, సాయంత్రాలు పిల్లలకు నేర్పుతాను. నా రోజుల్లో ఒక చోట బరువు తూచే గదిలో మగవాళ్లు తిరుగుతుండేవారు. తలుపు వేయమని అడగడానికి కూడా మాకు నోరు రాలేదు. అందుకే నా దగ్గర కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. వాటిలో ఒక్కటి తప్పినా ఆ రోజు సాధన ఉండదు.

సాధన జరిగినంతసేపు ఒక ఆడమనిషి అక్కడ ఉండాలి. కోచే అయి ఉండాలని లేదు. టీచర్ కావచ్చు, ఆయమ్మ కావచ్చు, ఒక తల్లి కావచ్చు. కోచ్‌తో ఏ పిల్లా ఒంటరిగా గదిలో ఉండదు. పట్టు చూపించాల్సి వస్తే ఇద్దరు పిల్లల మధ్యే చూపిస్తాను, మగ కోచ్ అయితే నోటితో చెప్పాలి. బరువు తూచేది ఆడవాళ్లే, తలుపు వేసి. ఎవరూ ఫోన్‌తో వీడియో తీయకూడదు. తల్లిదండ్రులు ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి కూర్చోవచ్చు. గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఇంకో సంగతి, 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి. బడి పరువు పోతుందని కప్పిపెట్టడం నేరం. మొదటి రోజే ఈ మాట పిల్లలకు, టీచర్లకు కలిపి చెప్తాను.

డ్రెస్సు గురించి: పోటీల్లో సింగ్‌లెట్ ఉంటుంది, ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం. సాధనకు మాత్రం టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలు. మొదటి ఏడాది బడి స్థాయిలో మనం పెట్టుకునే పోటీలకు కూడా అదే చాలు.

పరకాల_పీడీ
జూన్ 23, రాత్రి 8:15

అక్కా, మీ మాటలు ప్రింట్ తీసి స్టాఫ్ రూమ్‌లో పెట్టాను. మా సైన్స్ మేడమ్ సాయంత్రం ఒక గంట ఉంటానన్నారు. రేపు ఉస్తాద్ గారు చెప్పినట్టు మట్టి సంగతి చూస్తాను. నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

కాజీపేట_అక్క
జూన్ 23, రాత్రి 9:50

మీ పిల్లలు కబడ్డీ ఆడినవాళ్లే కదా సార్, అది మీకు పెద్ద బలం. కబడ్డీలో కార్నర్ ఆడే పిల్లకు యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు), థై హోల్డ్ (తొడ పట్టు) వచ్చు. కుస్తీలో సింగిల్ లెగ్ (ఒక కాలి పట్టు), డబుల్ లెగ్ (రెండు కాళ్ల పట్టు) అంటే దాదాపు ఆ కదలికే. వంగి, కాలు దొరికించుకొని, తల ఎదుటివాళ్ల పక్కకు ఆనించి ముందుకు నడవడం. హర్యానా పిల్లలు చిన్నప్పటి నుంచి నేర్చుకునే దానిలో కొంత మన పిల్లలకు పల్లె కబడ్డీ ముందే ఇచ్చింది. దాన్ని వాడుకోండి.

కానీ మొదటి మూడు వారాలు పట్లు వద్దు. పడటం నేర్పండి. గడ్డం ఛాతీకి ఆనించి వెనక్కి పడటం, పడేటప్పుడు చెయ్యి నేలకు చాపకుండా ఉండటం. మోచెయ్యి, మణికట్టు ఎక్కువగా విరిగేది అట్లా చెయ్యి చాపినప్పుడే. తర్వాత మెడ బలం, ఎలుగుబంటి నడక, మోకాలు తాకే ఆట, గీత గీసి ఒకరినొకరు బయటకు నెట్టే ఆట. ఆ నెట్టే ఆట ఊరికే కాదు, నిజమైన కుస్తీలో వలయం బయటకు నెడితే ఒక పాయింటు వస్తుంది. కింద పడేసి పట్టు సాధిస్తే రెండు. వీపు మ్యాట్ వైపు తిప్పితే రెండు. పది పాయింట్ల తేడా వస్తే అక్కడే ఆపేస్తారు. రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి పట్టుకుంటే పాయింట్లతో పని లేదు, చిత్. మనం 'చిత్తుగా ఓడించారు' అని రోజూ అనే మాట అక్కడిదే, పిల్లలకు ఈ సంగతి చెప్తే భలే ఇష్టపడతారు.

ఉస్తాద్ గారి మట్టి మంచిదే. అయితే పోటీలు మ్యాట్ మీదే. కబడ్డీ మ్యాట్ల మీద మాత్రం ఎత్తి పడేసే పట్లు ఎవరూ చేయించకండి. అవి పలుచన, కుస్తీ మ్యాట్ 4 నుంచి 6 సెంటీమీటర్ల మందం ఉంటుంది. ఆ తేడా పిల్ల వెన్నుకు తెలుస్తుంది.

మెట్‌పల్లి_రైతు
జూన్ 24, ఉదయం 7:30

అడ్డం మాట్లాడుతున్నానని అనుకోకండి. నాకు ఇద్దరు ఆడపిల్లలు. కబడ్డీ ఆడితే మండలంలో నాలుగు జట్లు ఉన్నాయి, వారం వారం ఆట దొరుకుతుంది. కుస్తీ నేర్చుకున్న పిల్లకు ఎదురుగా పట్టేవాళ్లు ఎవరున్నారు? పదో తరగతి అయ్యాక ఆ పిల్ల ఎటు పోవాలి? పెద్ద పేర్లు చెప్పడం సులువే. సాక్షి మలిక్ 2016 రియోలో కాంస్యం తెచ్చింది, మన దేశం నుంచి ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి ఆడ మల్లయోధురాలు, అందరికీ తెలుసు. ఆమెది హర్యానాలోని రోహ్‌తక్. అక్కడ ఆమె సాధనకు ఛోటూ రామ్ స్టేడియం ఉంది, పక్కన పట్టేవాళ్లు వందల మంది. మన దగ్గర అవేమీ లేకుండా పిల్లలకు ఆశ పెట్టడం న్యాయమేనా?

పరకాల_పీడీ
జూన్ 24, ఉదయం 8:05

అన్నా, మీ ప్రశ్నే నా ప్రశ్న. ఎదురుగా పట్టేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బు అని నాకూ అనిపిస్తున్నది.

కబడ్డీతో పోటీ పెట్టాలని కాదు. కబడ్డీ జట్టుకు పన్నెండు మంది. మా బడిలో ఆడపిల్లలు నూట నలభై. 38 కిలోల పిల్లకు వాలీబాల్‌లో చోటు లేదు, కబడ్డీలో లేదు. 65 కిలోల పిల్ల పరుగు పందెంలో వెనకబడి, అందరూ నవ్వుతారని గ్రౌండ్‌కే రాదు. కుస్తీలో ఇద్దరికీ చోటుంది. అండర్-17 అమ్మాయిలకు 40 నుంచి 73 కిలోల వరకు పది బరువులు. ఆ 65 కిలోల పిల్ల ఈసారి నా పదకొండు మందిలో ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఒక ఆటకు తనంత తాను పేరు ఇవ్వడం ఇదే మొదటిసారి.

డల్లాస్_ఓరుగల్లు
జూన్ 24, రాత్రి 11:45

మాది మడికొండ, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో రెండేళ్లుగా కుస్తీ పడుతున్నది, అందుకే ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ కూడా మొదట్లో మీ పరిస్థితే. 1994లో అమెరికా మొత్తం మీద హైస్కూల్ కుస్తీలో ఉన్న అమ్మాయిలు 804 మంది. చాలా చోట్ల అబ్బాయిలతోనే తలపడాలి. ఓడిపోతే నవ్వుతారు, గెలిస్తే ఓడిన అబ్బాయిని ఏడిపిస్తారు, దాంతో చాలామంది మధ్యలోనే మానేసేవారు. 1998లో హవాయి రాష్ట్రం అమ్మాయిలకు వేరుగా రాష్ట్ర పోటీ పెట్టింది. టెక్సాస్ కూడా ఆ వెంటనే పెట్టింది. తర్వాత ఒక్కో రాష్ట్రం అదే దారిలో వచ్చింది. 2022-23 నాటికి 50 వేలు దాటారు. అదే పిల్లలు, అదే బళ్లు. వాళ్లకంటూ ఒక పోటీ, ఒక పతకం, కోచ్ దగ్గర ఒక గంట సమయం ఇచ్చాక వచ్చిన మార్పు ఇది. మా అమ్మాయి చేరింది కూడా ఛాంపియన్లను చూసి కాదు, పక్క బెంచీ పిల్ల చేరిందని చేరింది.

చెవుల గురించి అడిగిన అక్కకు: ఇక్కడ హైస్కూల్ కుస్తీలో చెవులకు రక్షణ కవచం తప్పనిసరి. అది లేకుండా మ్యాట్ ఎక్కనివ్వరు. అంతర్జాతీయ పోటీల్లో తప్పనిసరి కాదు, కానీ సాధనలో పెట్టుకుంటే ఎవరూ వద్దనరు. మా పిల్ల చెవులు బాగానే ఉన్నాయి.

ఒక విషయంలో మాత్రం ఇక్కడివాళ్లు చాలా నష్టపోయాక నేర్చుకున్నారు. 1997 చివర్లో కొద్ది వారాల తేడాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు బరువు తగ్గించుకోబోయి చనిపోయారు. నీళ్లు మానేసి, వేడి గదుల్లో రబ్బరు సూట్లు వేసుకొని చెమట కార్చారు. ఆ తర్వాతే నిబంధనలు మారాయి. ఇప్పుడు సీజన్ మొదట్లోనే ఒంట్లో నీటి శాతం చూసి, ఈ పిల్ల ఇంతకంటే తక్కువ బరువులో ఆడకూడదని రాసిపెడతారు.

కరీంనగర్_పిల్లల_డాక్టర్
జూన్ 25, మధ్యాహ్నం 2:40

పైన డల్లాస్ వారు రాసిన ఆఖరి పేరాను దయచేసి ప్రతి పీఈటీ (వ్యాయామ టీచర్) రెండుసార్లు చదవాలి. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగంలో ఫైనల్‌కు చేరి, రెండో రోజు ఉదయం 100 గ్రాములు ఎక్కువ ఉందని అనర్హురాలైంది. రాత్రంతా ఎంత కష్టపడ్డారో టీవీల్లో చూశాం. అది చూసి మన పల్లెల్లో ఎవరైనా పదమూడేళ్ల పిల్లను 'రెండు కిలోలు తగ్గితే కింది బరువులో పతకం వస్తది' అని పస్తు పెడితే ఆ పిల్ల ఎదుగుదల దెబ్బతింటుంది. నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనం కావచ్చు. ఎదిగే పిల్ల ఏ బరువు ఉంటే ఆ బరువులోనే ఆడాలి. ఇందులో బేరం లేదు.

దానికంటే ముందు రక్తహీనత చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగం మందికి పైగా మహిళలకు రక్తం తక్కువే. నా దగ్గరకు వచ్చే హైస్కూల్ ఆడపిల్లల్లోనూ అదే చూస్తున్నాను. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం క్లాసులో నిద్ర. పీడీ సార్, ఆ పదకొండు మందికీ పీహెచ్‌సీలో హీమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, తర్వాతే కసరత్తు మొదలుపెట్టండి. బడిలో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర చాలామంది పారేస్తారు. అన్నం తిన్నాక మీ ముందే మింగించండి. ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా మరవకండి.

మట్టి అయినా, మ్యాట్ అయినా తామర అంటుకుంటుంది. ఎవరి తువ్వాలు వాళ్లదే. సాధన కాగానే స్నానం. గుండ్రటి మచ్చ కనిపిస్తే తగ్గేదాకా సాధన బంద్. చెవి ఉబ్బి మెత్తగా అయితే అది రక్తం గూడు కట్టడం, వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకుపోతే ఆ రక్తం తీసేస్తారు, ఆలస్యం చేస్తేనే గట్టిపడి ఆ ఆకారం వస్తుంది. హనుమకొండ అమ్మగారూ, మీ భయం సరైనదే, కానీ దానికి ఉపాయం ఉంది.

హనుమకొండ_అమ్మ
జూన్ 25, రాత్రి 9:20

డాక్టర్ గారూ, కాజీపేట అక్కా, మీరు రాసిందంతా ఇందాక మా ఆయనకు చదివి వినిపించాను. 'తల్లిదండ్రులు ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి కూర్చోవచ్చు' అన్న చోట ఆయన ఆపి మళ్లీ చదవమన్నారు.

కస్తూర్బా_టీచర్
జూన్ 26, సాయంత్రం 5:30

నేను ములుగు వైపు కస్తూర్బా గాంధీ విద్యాలయంలో పనిచేస్తున్నాను. హాస్టల్ ఉన్న బళ్లకు ఒక వీలుంది, పొద్దున ఐదున్నరకు, సాయంత్రం ఐదింటికి పిల్లలు అక్కడే ఉంటారు. పీడీ సార్ బడిలో పిల్లలు సాయంత్రం ఆఖరి బస్సు పట్టుకోవాలి, మా దగ్గర ఆ బాధ లేదు. అంతా ఆడపిల్లలే, మేమూ ఆడవాళ్లమే. కొండంత అవకాశం ఉండి కూడా మేం కుస్తీ గురించి ఆలోచించలేదు.

ఈ ప్రాంతం పిల్లలకు ఏమీ చేతకాదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పాకాల అనే చిన్న ఊరి పిల్ల మాలావత్ పూర్ణ సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ రెండుసార్లు బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. చిన్నప్పుడు ఆమెను కూడా ఆడపిల్లకు ఈ ఆటలేంటని అన్నవాళ్లున్నారు.

ఒక్క మాట అడుగుతాను. నెలసరి రోజుల్లో సాధన సంగతి ఏమిటి? పిల్లలు చెప్పడానికి సిగ్గుపడి ఊరికే గైర్హాజరు అవుతారు, తర్వాత మొత్తానికే మానేస్తారు.

కాజీపేట_అక్క
జూన్ 26, రాత్రి 10:10

మంచి ప్రశ్న టీచర్ గారూ. నేను రిజిస్టర్‌లో ఒక చుక్క గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజు పిల్ల వచ్చి చుక్క పెట్టి కూర్చోవచ్చు, స్కోర్ రాయవచ్చు, ఒంట్లో బాగుంటే సాధన చేయవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. నల్ల ట్రాక్ ప్యాంటు, ఒక అరలో ప్యాడ్లు, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు, గడియ ఉన్న బాత్రూమ్. మ్యాట్ లేకుండా ఆర్నెల్లు నడిపించాను కానీ గడియ ఉన్న బాత్రూమ్ లేకుండా వారం కూడా నడపలేకపోయాను. గుర్తుంచుకోండి సార్.

నర్సంపేట_49కిలోలు
జూన్ 27, రాత్రి 8:45

నేను ఇంటర్ ఫస్టియర్. తొమ్మిదో తరగతి నుంచి కుస్తీ చేస్తున్నాను, 49 కిలోల విభాగం. పెద్దవాళ్లందరూ మాట్లాడుతున్నారు కదా, నేనూ చెప్పాలనుకున్నాను.

మొదటి ఏడాది నాతో పట్టడానికి అమ్మాయిలు లేక అబ్బాయిలతోనే సాధన. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కానీ నేను గట్టిగా పట్టుకుంటే వాళ్లు నవ్వి వదిలేసేవారు, లేకపోతే ఒక్కసారిగా బలమంతా పెట్టేవారు. నాకు ఎంత వచ్చిందో ఎప్పుడూ తెలిసేది కాదు. తర్వాత పక్క ఊరి అక్క ఒకామె చేరింది, 50 కిలోలు. ఆమెతో మొదటి రోజు నేను ఆరు సార్లు ఓడిపోయాను. ఏడోసారి గెలిచాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. మొదటిసారి నాకు ఆట అర్థమైంది.

పీడీ సార్, ఆ 38 కిలోల చెల్లెతో మీరు ఒకసారి మాట్లాడండి. ఓడిపోయిందని రావట్లేదేమో అనుకుంటున్నారు మీరు. నాకు తెలిసి అందరూ చప్పట్లు కొట్టినందుకు రావట్లేదు.

పరకాల_పీడీ
జూన్ 27, రాత్రి 9:30

తల్లీ, నీ ఆఖరి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. రేపు వాళ్లింటికి వెళ్తాను.

జుక్కల్_ఉస్తాద్
జూన్ 28, ఉదయం 6:15

ఈ బిడ్డ మాట నిజం. మేం కుస్తీ నేర్చుకునే తాలింఖానాలో ఒక నియమం ఉండేది, జోడీ దొరకని వానికి కుస్తీ పెట్టొద్దని. బరువుకు బరువు, అనుభవానికి అనుభవం చూసి జోడీ కలిపేది ఉస్తాద్ పని.

నా మనవరాలు చిన్నప్పుడు నా వెనకాల తాలింఖానాకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. ఆడపిల్ల లోపలికి రావొద్దని నేనే పంపించిన. ఇప్పుడు దానికి పెళ్లయి పుణెలో ఉంది. పండక్కి వచ్చినప్పుడు తన బిడ్డకు దండ్‌లు తీయడం నేర్పమని అడిగింది. నేర్పిన. గడప దగ్గర నిలబెట్టిన పాపం అట్ల కొంచెమైనా పోవాలని.

మెట్‌పల్లి_రైతు
జూన్ 29, మధ్యాహ్నం 12:10

నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. జోడీలు లేనప్పుడు జోడీలను మనమే తయారు చేయాలి. ఒక్క బడి చేస్తే కాదు, ఐదారు బళ్లు కలిసి చేయాలి. ఇరవై, ముప్పై కిలోమీటర్ల లోపల ఉంటే పిల్లలను ఆటోలో తెచ్చి సాయంత్రానికి ఇంటికి చేర్చవచ్చు. ఉద్యోగాల మాట ఇంకా నాకు బెంగగానే ఉంది.

కాజీపేట_అక్క
జూన్ 29, రాత్రి 9:00

అన్నా, ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. రాష్ట్ర ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది, రైల్వేలో కోటా ఉంది, సాక్షి మలిక్ కూడా రైల్వే ఉద్యోగే. కానీ కోటా దాకా పోయేది వందలో ఒకరు. నాతో ఆడినవాళ్లలో ఒకామె నర్సు, ఒకామె కిరాణా షాపు నడుపుతుంది, ఒకామె కానిస్టేబుల్. కలిసినప్పుడల్లా మేం ఏ కుస్తీ ఎవరు గెలిచారో ఇప్పటికీ కొట్లాడుకుంటాం.

మీరన్న ఐదారు బళ్ల మాట మీద నేను వస్తాను. ఆదివారం పెట్టండి. అండర్-17 వాళ్లకు రెండు నిమిషాల చొప్పున రెండు రౌండ్లు. ఏ పిల్లకూ మూడు కుస్తీల కంటే తక్కువ ఉండకూడదు, ఓడితే ఇంటికి అనే పద్ధతి వద్దు. ఒకటి ఓడి, ఒకటి గెలిచి, ఒకటి కొద్దిలో చేజారిన పిల్ల మళ్లీ వస్తుంది.

పరకాల_పీడీ
ఆగస్టు 24, రాత్రి 10:20

రెండు నెలలు అయింది, ఏం జరిగిందో చెప్పాలి.

పదకొండు మందిలో నలుగురికి రక్తం తక్కువ అని తేలింది. వాళ్లకు నెల రోజులు మాత్రలు, గుడ్లు, తేలిక కసరత్తు. ఇద్దరు మానేశారు, ఒకరిని ఇంట్లో ఒప్పుకోలేదు, ఒకరికి నచ్చలేదు. కొత్తగా ఐదుగురు వచ్చారు. సర్పంచ్ మట్టి తోలించారు. వేపాకు పొడి పిల్లలే కొట్టారు. బాత్రూమ్ తలుపుకు గడియ నేనే బిగించాను.

ఈ రోజు ఆదివారం ఐదు బళ్ల నుంచి ముప్పై ఒక్క మంది ఆడపిల్లలు వచ్చారు. మ్యాట్ ఒక్కరోజుకు అరువు తెచ్చాం. కాజీపేట అక్క రెఫరీ. సైన్స్ మేడమ్, ఇంకో ఇద్దరు తల్లులు తలుపు వేసి బరువు తూచారు. ఒక్కో పిల్లకు కనీసం మూడు కుస్తీలు. ఇద్దరికి ముక్కులోంచి రక్తం వచ్చింది, ఒకరికి వేలు బెణికింది, అంతకు మించి ఏమీ లేదు. గెలిచిన వాళ్లకు కొబ్బరికాయలు ఇచ్చాం, ఉస్తాద్ గారూ, మీ మాట మీదే. అన్నీ అయిపోయాక ఆ కాయలన్నీ అక్కడే కొట్టి అందరూ తిన్నారు.

మా 65 కిలోల పిల్ల రెండు ఓడింది. మూడోది వలయం బయటకు నెట్టి ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. వాళ్ల నాన్న ట్రాక్టర్ డ్రైవర్, ఎవరినీ పట్టించుకోకుండా గట్టిగా ఏడ్చాడు.

ఇక ఆ పిల్ల సంగతి. జూన్‌లో వాళ్లింటికి వెళ్లి, నేర్పకుండా తీసుకుపోవడం నా తప్పని వాళ్ల అమ్మానాన్నల ముందు చెప్పాను. ఆమె తల వంచుకొని విన్నది. ఇప్పుడు పదో తరగతి. కుస్తీ పట్టనని చెప్పింది, నేనూ మళ్లీ అడగలేదు. ఈ రోజు పొద్దున తనంతట తానే వచ్చింది. స్టాప్ వాచ్ ఇస్తే టేబుల్ దగ్గర కూర్చొని సాయంత్రం దాకా టైమ్ చూసింది. మధ్యలో ఏడో తరగతి పిల్ల ఒకతి వణుకుతూ మ్యాట్ దగ్గర నిలబడితే, లేచి వెళ్లి ఆ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టి ఏదో చెప్పింది. ఆ పిల్ల కింద పడినప్పుడు చూశాను, గడ్డం ఛాతీకి ఆనించే ఉంది.

వచ్చే మీట్ సెప్టెంబర్ రెండో ఆదివారం అనుకుంటున్నాం. మ్యాట్ దొరుకుతుందో లేదో ఇంకా ఖాయం కాలేదు. ఎవరి దగ్గరైనా నమ్మకమైన తూకం మెషిన్ ఉంటే చెప్పండి, ఈ రోజుది ఒక్కోసారి ఒక్కో బరువు చూపించింది.

కస్తూర్బా_టీచర్
ఆగస్టు 24, రాత్రి 10:55

మా దగ్గర తూకం మెషిన్ ఉంది సార్. దాంతో పాటు ఎనిమిది మంది పిల్లల్ని కూడా తెస్తాను. ఇద్దరు 40 లోపు, మీ వైపు జోడీ ఉందా చూడండి.

హనుమకొండ_అమ్మ
ఆగస్టు 25, ఉదయం 6:05

పీడీ సార్, మాకు ఎన్ని గంటలకు రావాలి? మా పిల్ల 46 కిలోలు. నేనూ వస్తున్నాను, బరువు తూచే దగ్గర ఒక మనిషి కావాలంటే నన్ను పెట్టండి. మధ్యాహ్నం అందరికీ పులిహోర చేసుకొస్తాను.